సున్నా పట్టుకున్న మనిషి

బడిలో నన్ను డ్రిల్లు సారు అంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు, అది ఇక్కడ రాయను. కోపిష్టివాణ్ణి. ఆ సంగతి దాచిపెట్టి ఇది చెప్పడం కుదరదు. నా కోపమే లేకపోతే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

నేను చెప్పబోయేది నా దగ్గర ఆరేళ్లు సహాయకురాలిగా పనిచేసిన ఒకావిడ గురించి. పిల్లలు ఆమెను సున్నాక్క అనేవారు. ఆ పేరు లాంగ్ జంప్ దగ్గర పుట్టింది. పిల్ల దూకి ఇసుకలో పడ్డాక, మడమ పడ్డ గుర్తు దగ్గర టేపు మొదలు పట్టుకుని ఒకరు కూర్చోవాలి. ఇవతల, కాలు మోపి దూకే చెక్క దగ్గర, ఇంకొకరు టేపు లాగి ఎంతొచ్చిందో చదవాలి. చదివేది నేను. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని సున్నా పట్టుకునేది ఆవిడ. ఎవడో కొంటెవెధవ సున్నాక్క అన్నాడు, అది కాస్తా అతుక్కుపోయింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. "మా అత్తగారు పిలిచే పేరుకంటే ఇదే నయం సార్" అంది.

మా బడికి రాకముందు ఆమె ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో పనిచేసింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. నాకు సహాయానికి మనిషిని ఇస్తామన్నప్పుడు, ఆటలు తెలిసిన కుర్రవాణ్ణి ఎవరినైనా పంపుతారనుకున్నాను. నలభై దాటిన మనిషి గొడుగు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"చిన్నప్పుడు ఏం ఆడేదానివమ్మా?" అని అడిగాను.

"జన్మలో ఒక్క ఆట ఆడలేదు సార్. మా ఇంట్లో ఆడనిచ్చేవాళ్లు కాదు."

నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర ఒంటికాలి మీద లేచాను. ఆటంటే ఏంటో తెలియని మనిషిని తెచ్చి నా నెత్తిన పెట్టారన్నాను. "పోనీలెండి, తెలిసినవాళ్లు మీరు ఉన్నారుగా, మీ అరుపులు వినడానికి ఒకరు కావాలి" అంది మా ఆవిడ.

ఆమెకిచ్చిన ఉత్తర్వులో విధులు ఐదు రాసి ఉన్నాయి. బంతులూ తాళ్లూ బయటికి తెచ్చి మళ్లీ లోపల పెట్టడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, వెనకబడిన పిల్లల పక్కన ఉండటం, హాజరు రాయడం, ఉపాధ్యాయుడికి సహకరించడం. నేను ఐదోది ఒక్కటే చదివాను. సహకరించడమంటే నేను చెప్పింది చెయ్యడం అని నా లెక్క. ఆవిడ మాత్రం మూడోది పట్టుకుంది.

నేను నలభైమంది పిల్లల ముందు నిలబడతాను. నాకు కనిపించేది వరస. ఆవిడ వెనకాల తిరిగేది, ఆవిడకు కాళ్లు కనిపించేవి. కడుపునొప్పని చెప్పిన పిల్లకు నిజంగా నొప్పో, బూటు అడుగు ఊడిపోయిందని సిగ్గో ఆమె ఇట్టే చెప్పేది. సామాన్ల గదిలో ఒక రేకు డబ్బా పెట్టింది. అందులో జిగురు, దబ్బనం, దారం, ఎవరో వదిలేసిన మూడు సైజుల బూట్లు. పిల్లను ఆ గదిలోకి తీసుకెళ్లి, ఎవరికీ తెలియకుండా పని ముగించి, వరసలో నిలబెట్టేది.

ఈల ఊదితే బిగుసుకుపోయే పిల్లాడు ఒకడుండేవాడు. మొండికేస్తున్నాడనుకుని నేను ఇంకా గట్టిగా ఊదేవాణ్ణి. ఆవిడ వాడికి ఎదురుగా వెళ్లి నిలబడి, నా ఈలతోపాటు చెయ్యి పైకెత్తడం మొదలుపెట్టింది. వాడు చెవులు రెండు చేతులతో మూసుకుని, ఆ చెయ్యి చూసి పరిగెత్తేవాడు. వాడు పరిగెత్తగలడని నాకు అంతవరకు తెలియదు.

అలాగని ఆవిడ మెత్తని మనిషేం కాదు. లావుపాటి కుర్రాడొకడు తాడు గెంతుతూ పంతొమ్మిది దగ్గర ఆగిపోయాడు. పాసవ్వాలంటే ఇరవై గెంతాలి. "అక్కా, ఇరవై రాసెయ్యవా" అని బతిమాలాడు.

"పంతొమ్మిదే నాన్నా. ఇరవయ్యోది రేపు నీ కాళ్లతోనే తెచ్చుకో."

ఒక్కటేగా, రాసిపారేస్తే పోయేదిగా అన్నాను నేను. "రాస్తే వాడికి తెలిసిపోతుంది సార్, అది తనది కాదని" అంది. మరునాడు వాడు ఇరవై మూడు గెంతాడు.

ఇప్పుడు టేపు సంగతి చెప్పాలి. మా బడి టేపు గుడ్డది. ఆవిడ వచ్చిన ఏడే దాని మొదటి పది సెంటీమీటర్లు చిరిగి ఊడిపోయాయి. కొత్తది అడిగితే వస్తుందన్నారు. అంచేత ఆవిడ పది అంకె దగ్గర పట్టుకుని "పది" అని కేకేసేది, నేను చదివినదాంట్లోంచి పది తీసేసి రాసుకునేవాణ్ణి. నాలుగు ముప్పై వస్తే నాలుగు ఇరవై అన్నమాట. ఇలా ఆరేళ్లు. పోనుపోను ఆవిడ కేకెయ్యడం మానేసింది, నా బుర్ర దానంతటది పది తీసెయ్యడం నేర్చుకుంది. ఇంట్లో కిటికీ తెరలకు బట్ట కొలిచినా పది తక్కువ చెప్పేవాణ్ణి. తెరలు పొట్టివై మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పొడుగు కాళ్లు, సన్నగా ఉంటుంది, అందరూ మిడత అనేవారు. వాళ్లమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని బడి యూనిఫారాలు కుట్టేది. ఒక్కటే గది, మిషను పక్కన నేల మీద కూర్చుని ఈ పిల్ల చదువుకునేది. ఇసుక గుంత దగ్గరికి వస్తే మాత్రం దాన్ని ఆపలేం. ఎలా అడుగులు లెక్కపెట్టుకోవాలో నేను చెప్పాను, ఆ మాట ఒప్పుకోవాలి. రోజూ పక్కన నిలబడి లెక్కపెట్టించింది సున్నాక్క.

ఆ ఏడు క్రీడా పాఠశాలవాళ్లు మా బడినుంచి లాంగ్ జంప్‌కు ముగ్గురు ఆడపిల్లల్ని ఎంపిక చేస్తామన్నారు. వయసు పద్నాలుగు నిండకూడదు. చదువు, తిండి, బస, శిక్షణ అన్నీ అక్కడే. మిడత వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, "సార్, దీనికి అక్కడ చోటు దొరికితే నేను ఇంక దేవుణ్ణి ఏమీ అడగను" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఎంపిక రోజు ఉదయమే కొత్త టేపు వచ్చింది. బయటివాళ్లు వస్తున్నారంటే మా బడికి అన్నీ వచ్చేస్తాయి. ఉక్కు టేపు, పసుపు రంగు. సున్నాక్క దాన్ని లాగి చూసి, "సార్, ఇది సున్నా నుంచే ఉంది. పది తియ్యక్కర్లేదు" అంది.

"తెలుసు" అన్నాను.

నలుగురు పిల్లలయ్యాక మళ్లీ గుర్తుచేసింది. ఇంకో నలుగురయ్యాక మూడోసారి అంది. ఈసారి క్రీడా పాఠశాలనుంచి వచ్చిన అధికారి నా పక్కనే ఉన్నాడు. "మీ సహాయకురాలు మీకే పాఠం చెబుతోందే" అని నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన టీ తాగడానికి హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లేదాకా ఆగి ఆవిడ దగ్గరికి నడిచాను. "ఇంకొక్కసారి నీ నోటినుంచి పది అన్న మాట వచ్చిందంటే ఈ గ్రౌండులో ఉండవు" అన్నాను. ఆవిడ తలూపింది.

చివరగా దూకింది మిడత. మొదటి రెండు దూకులూ చెక్క దాటి కాలు పెట్టి పాడుచేసుకుంది. మూడోసారి కాలు సరిగ్గా పడింది. పిల్లలందరూ ఒక్కసారిగా "అబ్బో" అన్నారు. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు, వరసలు చెదిరిపోతున్నాయి, నేను ఒక చేత్తో టేపు పట్టుకుని ఇంకో చేత్తో వాళ్లను అదిలిస్తున్నాను. టేపు మీద నా బొటనవేలు ఇరవై రెండు దగ్గర ఉంది. నా నోరు మాత్రం "నాలుగు పన్నెండు" అంది. అదే రాసుకున్నాను.

సున్నాక్క లేవలేదు. గుర్తు మీద సున్నా అలాగే అదిమిపట్టుకుని నా వైపు చూసింది.

"సార్, ఒక్కసారి మళ్లీ చూడండి."

"నీ పని సున్నా పట్టుకోవడం. చదవడం నా పని. చెరిపెయ్."

చెదిరిపోతున్న వరసలు ఆగి మా వైపు తిరిగాయి. ఆవిడ మిడత వైపు చూసింది, నా వైపు చూసింది. పది అనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయిందని నాకు ఇప్పుడు తెలుసు. ఆ మాట అనొద్దన్నది నేనే. ఆవిడ ఇసుక చదునుచేసే కర్ర తీసుకుని గుర్తు చెరిపేసింది. మూడో స్థానం నాలుగు పదహారు. మిడత నాలుగో పిల్ల అయింది.

సామాన్ల గదిలో టేపు చుడుతుంటే ఇరవై రెండు అంకె నా బొటనవేలి కిందికి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ అధికారి ఇంకా హెడ్‌మిస్ట్రెస్ గదిలోనే ఉన్నాడు, ఆయన నవ్వు నాకు వినిపిస్తోంది. మహా అయితే యాభై అడుగులు. ఆ యాభై అడుగులు నేను నడవలేదు. అంతమంది ముందు అరిచినవాణ్ణి, ఇప్పుడు వెళ్లి తప్పు నాదే అంటే ఏ ముఖం పెట్టుకుని రేపు గ్రౌండులో నిలబడతాను అనుకున్నాను. టేపు డబ్బాలో పెట్టి ఇంటికెళ్లాను. అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని మా ఆవిడ అడిగితే ఆమె మీదా అరిచాను.

వారం తర్వాత మిడత వాళ్లమ్మ బడికి వచ్చింది. అక్క మళ్లీ చూడమందనీ, సారు చూడలేదనీ పిల్లలు చెప్పారట. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, కొలతలో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగింది.

"సున్నా దగ్గర ఆవిడ కూర్చుంది మేడమ్. అక్కడ ఏమైనా జరిగిందేమో నాకు తెలియదు" అన్నాను.

ఇందులో మొదటి మాట నిజమే. అందుకే అది నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. ఆ తర్వాత సున్నాక్కను పిలిచారు.

"టేపు మొదలు ఎవరు పట్టుకున్నారు?"

"నేనేనండి."

"చెయ్యి జరిగిందా?"

"జరగలేదండి."

"మరి మళ్లీ చూడమని ఎందుకన్నావు?"

ఆవిడ నా వైపు తిరిగింది. నేను చెప్పాల్సిన సమయం అదే. నేను బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజు గుండును, ఎన్నడూ చూడనట్టు, శ్రద్ధగా చూస్తున్నాను. ఆవిడ మేడమ్ వైపు తిరిగి, "గుర్తు నేనే చెరిపానండి. చెరపకుండా ఉండాల్సింది. అది నా తప్పే" అంది. హెడ్‌మిస్ట్రెస్‌కు కావలసిన మాట దొరికింది. ఏడాది చివర్న సున్నాక్క కాంట్రాక్టు పొడిగించలేదు.

వెళ్లేరోజు తాళాలు నా చేతిలో పెట్టింది. "చిన్న బూట్లు కింది అరలో ఉన్నాయి సార్. జిగురు అయిపోవచ్చింది. ఈల పిల్లాడికి చెయ్యి ఎత్తడం మర్చిపోకండి." టేపు గురించి ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది. నేను సరే అన్నాను. "వెళ్లొస్తాను సార్" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఏడు కడుపునొప్పులు పెరిగిపోయాయి. ఎవరిది నిజమో, ఎవరి బూటు ఊడిందో నాకేం తెలుస్తుంది. ఈల పిల్లాడికి రెండు రోజులు చెయ్యి ఎత్తాను, మూడో రోజు మర్చిపోయాను, వాడు మళ్లీ గోడకు అతుక్కుపోయాడు. మిడత గుంత వైపు రావడం మానేసింది. "కాలు నొప్పి సార్" అని గట్టు మీద కూర్చునేది. నా ముఖం చూసేది కాదు. నేనూ దాని ముఖం చూడలేకపోయేవాణ్ణి.

ఒకరోజు జిగురు కోసం ఆ రేకు డబ్బా వెతికాను. బూట్ల కింద ఒక నోటు పుస్తకం ఉంది. సున్నాక్క పిల్లల గురించి రాసుకుంది. ఎవరి కాలు లోపలికి తిరుగుతుంది, ఎవరు ఎండలో ఎక్కువసేపు నిలబడలేరు, ఎవరిని తిడితే పరిగెత్తుతారు, ఎవరిని తిడితే ఆగిపోతారు. పేజీలు తిప్పుతూ ఎంపిక రోజు దగ్గరికి వచ్చాను.

మా ఇసుక గుంత అంచున ఇటుకలు పేర్చి ఉంటాయి. సున్నా దగ్గర కూర్చునే మనిషికి అంకెలు కనిపించవు, ఇటుకలు కనిపిస్తాయి. ఆ రోజు ఆమె ఇలా రాసింది: "ఏడో ఇటుక చివర నాలుగు పదహారు. మిడత ఏడో ఇటుక దాటి నాలుగు వేళ్లు పడింది. సార్ పన్నెండు అన్నారు. పది తీసేశారు. నేను చెప్పలేకపోయాను. చెరిపేశాను. ఆ పిల్లకు ఏం చెప్పాలి?"

ఇదంతా రాసిపెట్టుకుని కూడా ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ గదిలో నా వైపు చూసింది. నేనే చెబుతానని ఎదురుచూసింది. సామాన్ల గదిలో బంతుల మీద కూర్చుని ఏడ్చాను. యాభై ఐదేళ్లవాణ్ణి, ఏడవడానికి సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సింది అంతకుముందే చేసేశాను.

పుస్తకం తీసుకెళ్లి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. "ఏడాది పట్టిందా ఈ మాట చెప్పడానికి?" అంది. నాకు మెమో ఇచ్చింది. పాత ఎంపికను మార్చడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు, మూడు వారాల్లో ఈ ఏటి ఎంపిక ఉంది, మిడతకు ఇంకా పద్నాలుగు నిండలేదు కాబట్టి దూకవచ్చు అంది. "ఆవిణ్ణి తిరిగి తీసుకుంటాం. కానీ వెళ్లి పిలవాల్సింది మీరే."

ముందు మిడత వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. వాళ్లమ్మ మిషను ఆపింది.

"ఏడాదిగా నా పిల్ల తనకు చేతకాదనుకుంది సార్" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. పిల్ల నేల మీద కూర్చుని పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సున్నాక్క ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేస్తోంది. వచ్చినవాళ్ల సంచులు తీసుకుని టోకెన్లు ఇచ్చే చోట. నన్ను చూసి, "సంచి ఇవ్వండి సార్" అంది, నవ్వుతూ.

"మీరు బడికి రావాలి" అన్నాను.

"నన్ను 'మీరు' అంటున్నారేంటి సార్. వెనకాల ఇంకెవరైనా ఉన్నారా?"

చెప్పాల్సిందంతా చెప్పాను. మధ్యలో ఎవరెవరో సంచులిస్తున్నారు, ఆవిడ టోకెన్లిస్తూనే వింది. చివరికి, "నేను నోరు మూసుకోకుండా ఉండాల్సింది సార్. మీరు తిడతారని భయపడ్డాను, పిల్ల బతుకు చూసుకోలేదు" అంది. తప్పులో తన వాటా తను అడిగి తీసుకుంది.

"వస్తాను" అంది. "కాకపోతే ఒకటి. ఈసారి సున్నా మీరు పట్టుకోండి. నేను చదువుతాను."

మూడు వారాలు ఉదయం, సాయంత్రం సున్నాక్క మిడతను గుంత దగ్గరికి తీసుకొచ్చింది. పిల్ల ఏడాదిలో జానెడు పెరిగింది. పాత అడుగుల లెక్క ఇప్పుడు కుదరడం లేదు. కాలు చెక్కకు ముందైనా పడుతుంది, దాటైనా పడుతుంది. మొదట్నుంచీ మళ్లీ లెక్కపెట్టించింది.

ఎంపిక రోజున నేను ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక్కపూటకే నా మోకాళ్లు పచ్చి పుండయ్యాయి. ఆవిడ ఆరేళ్లు కూర్చుంది. మిడత వంతు వచ్చేసరికి మూడో స్థానంలో ఉన్న పిల్ల నాలుగు పద్దెనిమిది దూకి ఉంది, ఏడో ఇటుక దాటి ఒక వేలు. మిడత మొదటి రెండూ తక్కువ దూకింది. మూడోసారి పరిగెత్తుకొచ్చి ఎగిరింది. ఇసుక నా ముఖాన పడింది. తుడుచుకుని చూశాను.

ఏడో ఇటుకకు రెండు వేళ్లు ఇవతల.

టేపు సున్నా నా చేతిలో ఉంది. సున్నా దగ్గర ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు, అందరూ చదివేవాళ్ల వైపే చూస్తారు. నాలుగు వేళ్లు అవతలికి జరిపితే చాలు. ఏడాది కిందట నేను లాక్కున్నది తిరిగి ఇచ్చేసినట్టే. జరపాలని ఎంత అనిపించిందో చెప్పలేను. తాడు పట్టుకుని పంతొమ్మిది దగ్గర ఆగిన కుర్రాడు గుర్తొచ్చాడు. మిడత గట్టు మీదినుంచి నన్నే చూస్తోంది, ఏడాది తర్వాత మొదటిసారి.

"సార్, సున్నా గుర్తు మీదే ఉందా?" అని అటునుంచి అడిగింది సున్నాక్క.

"గుర్తు మీదే ఉంది" అన్నాను.

ఆవిడ వంగి చూసింది. మళ్లీ ఇంకోసారి చూసింది.

"నాలుగు పన్నెండు."

మిడత ఆవిడ దగ్గరికి నడిచింది. "సరిగ్గా చూశావా అక్కా?"

"రెండుసార్లు చూశాను తల్లీ. నువ్వూ చూడు."

పిల్ల వంగి అంకె చూసుకుంది. "పోయినేడూ ఇంతేగా" అంది.

"కాదు. పోయినేడు నీది నాలుగు ఇరవై రెండు."

మిడత బూట్లు తీసుకుని వాళ్లమ్మ కూర్చున్న వైపు వెళ్లిపోయింది. నేను లేవలేదు. ఆ రెండు మడమల గుర్తుల ముందు టేపు పట్టుకుని కూర్చున్నాను.

"సార్, తర్వాతి పిల్ల నిలబడి ఉంది" అంది సున్నాక్క మెల్లగా. "చెరిపెయ్యండి."

కర్ర తీసుకుని చెరిపేశాను.